అమ్మమ్మకు కట్టని చీటీ

పదేళ్ళు ఎగిరితే చాలనుకుని కట్టిన విమానం అరవయ్యో ఏట కూడా ఎగురుతోందంటే అందులో కట్టినవాళ్ళ గొప్పతనం కొంత, ఆపమని చెప్పడం మరిచిపోయినవాళ్ళ గొప్పతనం కొంత ఉంటుంది. ఆ బాంబరు విమానాలు మొత్తం తొమ్మిది. వాటిని తయారుచేసిన కార్ఖానా ఎప్పుడో మూతపడింది, ఆ షెడ్డులో ఇప్పుడు సోఫాలు అమ్ముతున్నారు. నమూనాలు గీసిన ఇంజనీర్లలో ఒక్కరూ మిగల్లేదు. మిగిలిందల్లా పదకొండు సంపుటాల విడిభాగాల జాబితా. అందులో ప్రతి రెండో పేజీలోనూ "ఇకపై సరఫరా లేదు" అన్న ముద్ర, సంతాప సందేశంలా, పేజీకి అడ్డంగా పడి ఉంటుంది.

ఊళ్ళను నేలమట్టం చేయడానికి పుట్టిన విమానమే, కాదనలేము. అయితే డిపోలో ఉన్నవాళ్ళెవరూ అది ఏ ఊరి జోలికీ పోవడం చూడలేదు. ఏడాదికి కొన్నిసార్లు సముద్రం మీదికి వెళ్ళి సిమెంటు దిమ్మెలు పడేసి రావడం, వచ్చాక వారం రోజులు అక్కడ కారుతోంది, ఇక్కడ పట్టేసింది అని మూలగడం, వాళ్ళకు తెలిసిన యుద్ధం ఇదే. హ్యాంగరులో దాని గురించి జరిగే సంభాషణలు వింటే ఎవరి ఇంట్లోనో పెద్దావిడకు మోకాళ్ళు అరిగాయి కాబోలు అనిపిస్తుంది.

తొమ్మిదింటిలో ఎగిరేవి ఎనిమిది. తొమ్మిదోది ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చివరి షెడ్డులో కదలకుండా నిలబడి ఉంది. మిగతా ఎనిమిదింటిలో దేనికి ఏది కావలసివచ్చినా దాని ఒంట్లోంచి తీసి ఇస్తారు. ఒకరికి కన్ను, ఒకరికి కాలు, ఒకరికి మెడలోని తీగ. అడిగినవాళ్ళకు లేదనకుండా ఇచ్చింది గనక దాని పేరు అమ్మమ్మ.

ఆ అమ్మమ్మకు సంరక్షకురాలు చీటీలక్క.

పేరు విని కొత్తగా చేరినవాళ్ళు "అక్కా, నెలకెంత కట్టాలి? పాట ఎప్పుడు?" అని ఆశగా అడుగుతారు. ఆమె నడిపేది ఆ చీటీలు కాదు. అమ్మమ్మలోంచి ఒక మంచి భాగం తీసినప్పుడు ఆ ఖాళీని ఖాళీగా వదలకూడదు. దుమ్ము చేరుతుంది, గొట్టాల నోళ్ళు తెరుచుకుంటాయి. అందుకని చెడిపోయిన భాగాన్నే తెచ్చి ఆ చోట కూర్చోబెడతారు. ఎప్పటికైనా బాగుచేసే నాథుడు దొరుకుతాడేమోనన్న ఆశ కూడా ఒకటి. చూపులకు మంచిదీ చెడ్డదీ ఒకేలా ఉంటాయి. వాటి మీది నంబరు పలకలు నలభై ఏళ్ళ నూనెకూ ఇంధనానికీ ఎప్పుడో చెరిగిపోయాయి. అందుచేత చెడ్డదానికి ఎర్ర అట్టచీటీ ఒకటి కడతారు: "ఇది చెడ్డది. తీయవద్దు." చీటీ లేనిది మంచిదని లెక్క. చెడ్డ భాగం వెంట వచ్చిన చిన్న కాగితాన్ని చీటీ రాయగానే చింపేయాలి, ఒక జబ్బుకు రెండు కాగితాలుంటే గొడవ. ఆ తర్వాత చీటీ కట్టాలి, సాయంత్రంలోగా రిజిస్టరులో ఎక్కించాలి. మొత్తం శాస్త్రం ఇంతే. ఎనిమిది విమానాలూ, వాటిలో ఎక్కే నలభైమందీ ఈ శాస్త్రం మీద ఆధారపడి బతుకుతున్నారు.

డిపోలో ఒక చట్టం ఉంది. కాగితం మీద ఎక్కడా లేదు కాబట్టి ఎవరూ మీరరు. ఒక్క చీటీ పోగొట్టినవాళ్ళు అమ్మమ్మ తాళంచెవి అప్పగించాలి. చీటీలక్కకు ముందు ఆ తాళంచెవి ఒక మీసాలాయన దగ్గర ఉండేది. ఆయన చీటీ ఒకటి గాలికి కొట్టుకుపోయింది, వారం తిరక్కుండా ఆయన బ్యాటరీల విభాగంలో తేలాడు. అప్పుడు జాబితాలు టైపు చేసే గుమాస్తాగా ఉన్న ఇరవై ఆరేళ్ళ అమ్మాయికి, పదకొండు సంపుటాలనూ చూడకుండా చెప్పగలదన్న నేరానికి, తాళంచెవి దక్కింది. ఇప్పుడామెకు యాభై రెండు. ఒక్క చీటీ పోలేదు.

ఆమెను పెళ్ళాడినవాడు ఆమె గుమాస్తాగా చేరిన కొత్తలో ఎక్కే సిటీబస్సుకు కండక్టరు. టికెట్టు చేతికివ్వగానే దాని మీది నంబరు చదివి, తలాడించి, పర్సులో వరసగా దాచుకునే ప్రయాణికురాలిని అతను అంతవరకు చూడలేదు. మూడు నెలలు చూశాడు. నాలుగో నెలలో, "అవన్నీ ఏం చేస్తారండీ?" అని అడిగాడు. "మీ దగ్గర ఒక నంబరు తప్పింది. పదిహేడో తారీకున రెండు టికెట్లు ఒకే నంబరువి ఇచ్చారు," అన్నది ఆమె. ప్రేమలేఖల్లో ఇంతకంటే గొప్ప వాక్యం తనకు తెలియదని అతను ఇప్పటికీ చెబుతాడు. రిటైరయ్యాక వంటా, బట్టలూ అతని శాఖలు. వంటలో అతను నిపుణుడు. బట్టల విషయంలో మాత్రం సమసమాజవాది. తెల్లవీ రంగువీ వేరుచేయడం అన్యాయమని నమ్మి అన్నిటినీ ఒకే మిషన్లో వేస్తాడు.

ఆ నమ్మకం ఒక ఆదివారం పన్నెండు కావస్తుండగా వాళ్ళ కొంప ముంచింది.

"ఇదిగో, ఒకసారి ఇలా రా," అన్నాడు కండక్టరు వరండాలోంచి. ఆ గొంతులో ఏదో తేడా ఉంది.

తీగ మీద అయిదు బనియన్లు, రెండు దుప్పట్లు, ఒక తువ్వాలు వేలాడుతున్నాయి. అన్నీ గులాబీ రంగు. లేత గులాబీ కూడా కాదు. నాటకాల్లో రాకుమారులు కట్టుకునే గులాబీ.

"బాగానే ఉంది," అన్నది చీటీలక్క, నవ్వు ఆపుకుంటూ. "మీ ఛాయకు నప్పుతుంది."

"నవ్వు, నవ్వు. నీ డ్యూటీ కోటు కూడా అందులోనే ఉంది. నీలం కోటు వేస్తే గులాబీ ఎలా వచ్చిందో నాకర్థం కాలా. ఎర్రబట్ట మనింట్లో ఒక్కటి లేదు."

ఆమె నవ్వు ఆగింది. కోటు అందుకుని పై జేబులో చెయ్యి పెట్టింది. తడిసి ముద్దయిన అట్ట, బఠాణీ గింజంత ముద్దలుగా, వేళ్ళకు అంటుకుని వచ్చింది. ఎర్రగా.

ఆమె అక్కడే, బట్టల బకెట్టు పక్కన, నేలమీద కూర్చుండిపోయింది.

"ఏమైందే?"

"చీటీ అండీ. కట్టని చీటీ."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో అమ్మమ్మ సంగతులు అతనికి తన మేనత్త సంగతులకంటే బాగా తెలుసు. రెండో ప్రశ్న వేయకుండా ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

"దేనిది?"

"తెలిస్తే ఇంకేం. అక్షరం ముక్క మిగల్లేదు. రిజిస్టరులో ఎక్కించకముందే జేబులో పడింది కాబట్టి రిజిస్టరు అడిగినా లాభం లేదు. అక్కడ లెక్కంతా సరిగ్గానే ఉంటుంది. అదే కదా నా ప్రాణానికి వచ్చింది! చీటీలు లెక్కపెడితే సరిపోతాయి, పుస్తకం చూస్తే సరిపోతుంది. చెడ్డది మాత్రం చీటీ లేకుండా మంచిదానిలా కూర్చుని ఉంటుంది. ఎవరో వచ్చి తీసుకుపోతారు."

"తీసుకుపోయారా?"

ఆ కోటు ఆమె గురువారం సాయంత్రం ఉతుకుడుకు వేసింది. గురువారం తర్వాత అమ్మమ్మ నుంచి మూడు భాగాలు బయటికి వెళ్ళాయి. వాటిలో రెండు నాలుగో నంబరు విమానానికి బిగించారు. నాలుగో నంబరు ఆ మధ్యాహ్నం మూడింటికి సముద్రం మీదికి వెళుతుంది. అయిదుగురు మనుషులతో, ఏడు గంటల ప్రయాణం.

డిపోకు ఫోన్ చేసింది. గేటు కాపలావాడు ఎత్తాడు.

"చీఫ్ గారికివ్వు తమ్ముడూ, అర్జెంటు."

"హ్యాంగరు ఫోను ఆఫీసు గదిలో ఉందక్కా. ఆఫీసు గదికి తాళం వేసుంది. ఇవాళ ఆదివారం కదా."

"విమానం ఎగరడానికి ఆదివారం అడ్డం రాలేదు, ఫోనుకు అడ్డమొచ్చిందా?"

"నన్నడిగితే నేనేం చెప్పనక్కా. నేను గేటుకే కాపలా."

ఫోన్ పెట్టేసింది. కండక్టరు అప్పటికే గులాబీ బనియను తొడుక్కుని, పైన చొక్కా వేసి, స్కూటరు తాళాలు చేత్తో పట్టుకున్నాడు. వేరే బనియన్లు లేవు మరి.

"పద. దారిలో నువ్వు గురువారం గుర్తుచేసుకో," అన్నాడు.

"గుర్తుకు రావట్లేదంటే వినరేం! రోజుకు ఆరు, ఏడు కడతాను. అన్నీ ఒకటే లాగుంటాయి."

"చూడు. బస్సులో ఎవరైనా సంచి మరిచిపోయి వస్తే, 'ఎక్కడ పెట్టారు?' అనడిగితే ఒక్కడికీ తెలిసేది కాదు. 'ఎక్కడ ఎక్కారు? పక్కన ఎవరు కూర్చున్నారు?' అంటే ఠక్కున చెప్పేవాళ్ళు. నిన్ను కూడా చీటీ గురించి అడగను. పొద్దున్న ఎక్కు."

స్కూటరు వెనక కూర్చుని, ఒక చేత్తో అతని భుజం పట్టుకుని, ఆమె గురువారం ఎక్కింది. పొద్దున్న రేడియో విభాగం వాళ్ళొచ్చారు. తర్వాత చెడ్డ భాగాల తోపుడుబండి వచ్చింది. అందులో ఆరు. అయిదింటిని కట్టింది, అయిదింటినీ రిజిస్టరులో ఎక్కించింది. ఆరోది...

"ఆరోదాని దగ్గర ఏం జరిగింది?"

"ఫోటో!" అన్నది ఆమె, అతని భుజం గట్టిగా నొక్కి. "కొత్త గుర్తింపు కార్డులకు అందర్నీ హాల్లోకి రమ్మన్నారు. ఫోటో తీసేవాడు నాలుగుసార్లు తీశాడు. మొదటిసారి కళ్ళు మూశానన్నాడు. రెండోసారి నవ్వానన్నాడు. మూడోసారి అనుమానంగా చూస్తున్నానన్నాడు."

"అది నీ మామూలు ముఖమే కదా."

"నాలుగోసారి జేబులో పెన్ను కనపడుతోంది తీసేయమన్నాడు. పెన్ను తీసి చేత్తో పట్టుకున్నా. చీటీ అడుగున ఉండిపోయింది. ఫోటో అయ్యేసరికి బస్సుకు టైమైంది."

కాబట్టి మరుపు ఎక్కడ జరిగిందో తెలిసింది. దేని గురించో తెలియలేదు. లెవెల్ క్రాసింగు దగ్గర రైలు కోసం ఆగినప్పుడు ఆమె మళ్ళీ కోటు జేబు తిరగేసింది. తడికోటు ఒళ్ళో పెట్టుకునే బయలుదేరింది, సాక్ష్యం కదా. జేబు మూల కుట్టులో ఒక దారం చిక్కుకుని ఉంది. తెల్లటి నైలాను దారం, జానెడు.

ఆమె ఒక్క నిమిషం దాన్నే చూసింది.

"తీగ కాదండీ," అన్నది మెల్లగా. "దారం."

"అయితే?"

"చీటీలన్నీ ఇనపతీగతో కడతాం. ఇంధనం ఉండేచోట మాత్రం తీగ వాడనివ్వరు, నిప్పురవ్వ వస్తుందని. అక్కడ దారమే. అంటే రెక్కలోది. పంపో, కవాటమో."

"ఏ రెక్క?"

"తెలీదు."

గేటు లేచింది. కండక్టరు స్కూటరు కదపలేదు. వెనకున్న లారీ హారను కొట్టింది. "గురువారం సాయంత్రం నీ మోకాలికి మందు రాసింది నేనే కదా? ఎడమ మోకాలు. నిచ్చెన తగిలిందన్నావు."

అమ్మమ్మ ఎడమరెక్క కింద నిచ్చెనకు మూడో మెట్టు వంకర. డిపోలో మరే నిచ్చెనా ఎవరినీ ఎడమ మోకాలి మీద కొట్టదు.

శుక్రవారం ఉదయం పొడుగు ఫిట్టరు వచ్చి "అక్కా, నాలుగుకు ఇంధనం పంపు కావాలి" అన్నప్పుడు తను తల కూడా ఎత్తకుండా, "ఎడమరెక్కలో చీటీ లేనివి ఉన్నాయి, ఏదో ఒకటి తీసుకో నాయనా" అన్నది. అవి నాలుగు. మూడు మంచివి, ఒకటి ఆమె జేబులో చీటీ ఉన్నది. అతను ఏదో ఒకటి తీసుకున్నాడు. ఆమె సంతకం చేసింది.

"కొంచెం గట్టిగా తోలండి," అన్నది.

వాళ్ళు చేరేసరికి పన్నెండున్నర. నాలుగో నంబరు విమానం షెడ్డు బయట ఎండలో నిలబడి ఉంది, ముసలితనం తెలియకుండా రంగు వేయించుకుని. చీఫ్ రెక్క నీడలో అన్నం డబ్బా తెరుచుకుని కూర్చున్నాడు. ఆయన డిపోకు పెద్ద ఇంజనీరు. మనిషి పొట్టి, కేక పొడుగు. పక్కనే పొడుగు ఫిట్టరు.

చీటీలక్క నించునే మొత్తం చెప్పింది. సాకులు లేకుండా, భాగాల జాబితా చదివినట్టు. చీఫ్ ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు. పొడుగు ఫిట్టరు ముఖం పాలిపోయింది. పంపు బిగించినవాడు తనే, బిగించానని సంతకం పెట్టిందీ తనే.

"ఎంత నమ్మకంగా చెబుతున్నావమ్మా, అది చెడ్డదేనని?"

"నమ్మకం లేదండీ. నాలుగింట్లో ఒకటి."

చీఫ్ లేచి ఆమెను పక్కకు తీసుకెళ్ళాడు. కండక్టరు మర్యాదగా విమానం చక్రాన్ని పరిశీలించసాగాడు.

"ఒక మాట చెబుతా విను," అన్నాడు చీఫ్. ఆయన గొంతు తగ్గించడం ఆమె ఎప్పుడూ వినలేదు. "పంపు శబ్దం తేడాగా ఉంది, నాకు అనుమానం వచ్చింది, ప్రయాణం ఆపానని రాస్తా. పంపు మారుస్తాం, పాతది పరీక్షిస్తాం. చీటీ ఊసు ఎందుకు? ఇరవై ఆరేళ్ళమ్మా! నీ తాళంచెవి పోవడం నాకిష్టం లేదు."

ఆమెకు ఇష్టమా? పొద్దున్నే షెడ్డు తలుపు తోసినప్పుడు చల్లటి ఇనుము వాసన. ముక్కు నుంచి తోక దాకా వందల చీటీలు, గాలి వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారి కదిలి చేసే గలగల. పిల్లలు లేని ఆమెకు ఆ షెడ్డులో ఎప్పుడూ ఒంటరిగా అనిపించలేదు. ఇవన్నీ చీఫ్‌కు చెప్పే విషయాలు కావు.

"పంపు కాకపోతే?" అన్నది. "శుక్రవారం ఆరో నంబరుకు కుడిరెక్కలోంచి కవాటం ఇచ్చా. అదీ ఇంధనం లైనుదే. నా మోకాలు చెప్పిన సాక్ష్యం తప్పయితే చెడ్డది అక్కడుంటుంది. ఆరు రేపు ఎగరాలి. అమ్మమ్మలో మిగిలిన మూడు పంపులూ తాకకుండా ఆపాలి. మీ అనుమానం మీద ఒక్క పంపే దిగుతుంది సార్. అన్నీ దిగాలంటే నా కాగితం కావాలి."

చీఫ్ ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత తన మామూలు గొంతుతో, షెడ్డు రేకులదిరేలా, "తెల్లకాగితం ఎవడి దగ్గరైనా ఉందిరా?" అని అరిచాడు.

ఆదివారం కనక కాగితాలు కూడా ఆఫీసు గదిలోనే ఉన్నాయి. చివరికి గేటు కాపలావాడి హాజరు పుస్తకంలోంచి ఒక పేజీ చింపారు. విమానచరిత్రలో ఒక బాంబరు ప్రయాణాన్ని ఆపిన పత్రం, పైన "లోనికి వచ్చిన సమయం" అని అచ్చువేసి ఉన్నది, బహుశా ఇదొక్కటే.

మూడింటికి నాలుగో నంబరు ఎగరలేదు. అయిదుగురు సిబ్బందీ విసుక్కుంటూ హెల్మెట్లు చంకన పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయారు. పొడుగు ఫిట్టరు పంపు దింపి పరీక్ష బల్లకు బిగించాడు. అమ్మమ్మలోని మూడు పంపులూ, ఆరో నంబరు కవాటమూ పక్కన వరసగా కూర్చున్నాయి, సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళలా.

నాలుగో నంబరు పంపు హాయిగా తిరిగింది. ఒక నిమిషం. అయిదు. ఎనిమిది. పొడుగు ఫిట్టరు ఊపిరి పీల్చుకుని, "బాగానే ఉందక్కా, ఊరికే కంగారుపడ్డాం," అన్నాడు. పదకొండో నిమిషంలో పంపు గొంతు మారింది. ఒకసారి దగ్గినట్టు శబ్దం వచ్చి ఆగిపోయింది. మళ్ళీ మీట నొక్కినా కదల్లేదు.

సముద్రం మీద ఆ పంపు ఆగితే ఆ ట్యాంకులోని ఇంధనం ఉన్నా లేనట్టే, తిరిగి రావడానికి చాలదు. అది అక్కడున్న అందరికీ తెలుసు. తెలియనివాడు కండక్టరు ఒక్కడే. అతను కూడా వాళ్ళ ముఖాలు చూసి తెలుసుకున్నాడు. భార్య పక్కకు వచ్చి, ఆమె చేతిలోంచి తడికోటు తీసుకుని తన చేతిమీద వేసుకున్నాడు.

"మూడు గంటలు దాటింది. అన్నం తినలేదు నువ్వు," అన్నాడు. అందరిముందూ అతనికి తోచింది అంతే.

మిగిలిన మూడు పంపులూ, కవాటమూ మంచివేనని సాయంత్రానికి తేలింది.

పదిహేను రోజుల తర్వాత విచారణ పెట్టారు. పొడవాటి బల్ల, మూడు మంచినీళ్ళ గ్లాసులు, ముగ్గురు సభ్యులు. పెద్దసభ్యుడు ఇంకో ఏడాదిలో రిటైరు కాబోయే దయామయుడు. మిగతా ఇద్దరూ ఆయన ఎటు తలాడిస్తే అటు ఆడించేవాళ్ళు. చీటీ ఉతికిన వ్యక్తి కీలక సాక్షి కాబట్టి కండక్టరును కూడా పిలిపించారు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, విడిగా, ముందుగా వెళ్ళాడు. లోపల ఇరవై నిమిషాలు ఉన్నాడు. బయటికి వచ్చి భార్య కళ్ళలోకి చూడకుండా బల్లమీద కూర్చుని, వాటర్ కూలరు మీది సూచనలు చదవసాగాడు.

ఆమె లోపలికి వెళ్ళేసరికి నివేదిక టైపయి సిద్ధంగా ఉంది.

"కూర్చోండమ్మా," అన్నాడు పెద్దసభ్యుడు, చల్లగా. "అంతా సజావుగా తేలింది. చదివి సంతకం పెట్టండి. మీ తాళంచెవి మీ దగ్గరే ఉంటుంది."

ఆమె చదివింది. భాష గంభీరంగా ఉంది. "సదరు ఉద్యోగిని గురువారం సాయంత్రమే చీటీ జేబులో ఉన్న సంగతి గ్రహించి, మరుసటి ఉదయం తనకు తప్పక గుర్తుచేయవలసిందిగా భర్తను ఆదేశించినది. సదరు భర్త ఆదేశమును విస్మరించినాడు. సదరు భర్త ఈ శాఖలో ఉద్యోగి కానందున అతనిపై చర్య తీసుకొనుటకు వీలు లేదు."

ఆమె మళ్ళీ మొదటినుంచి చదివింది.

"ఇది ఎవరు చెప్పారండీ?"

"మీవారే. చాలా పశ్చాత్తాపపడ్డారు. కన్నీళ్ళు కూడా..." అన్నాడు రెండో సభ్యుడు.

"కన్నీళ్ళా?" అన్నది ఆమె. ముప్ఫై ఏళ్ళలో ఉల్లిపాయ లేకుండా అతని కంట నీరు ఆమె చూడలేదు.

"నేను ఆయనకేం చెప్పలేదు సార్. నాకు గుర్తే లేదు, చెప్పడానికి. ఆదివారం దాకా ఆ చీటీ నా తలలోనే లేదు."

పెద్దసభ్యుడు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "అమ్మా, మీరు గెలిచిన కేసు ఓడిపోతున్నారు. ఇందులో ఎవరికీ నష్టం లేదు. మీ ఆయనకు శిక్ష వేయలేం, మీకు వేయనక్కర్లేదు. ఇక మీకొచ్చిన ఇబ్బందేమిటి?"

తాళంచెవి కోటు జేబులోనే ఉంది. దాన్ని బట్ట మీదనుంచే ఒకసారి తడుముకున్నది.

"చెడింది ఎక్కడుందో చీటీ అక్కడే కట్టాలి సార్," అన్నది చివరికి. "పక్కింట్లో కడితే ఎలా? రెక్కలో చీకటిగా ఉంటుందని నేను చీటీని కిటికీ దగ్గరికి తెచ్చుకుని రాస్తా. రాసి, జేబులో వేసుకుని, మళ్ళీ నిచ్చెన ఎక్కి కడతా. ఇరవై ఆరేళ్ళుగా అంతే. జేబులోకి వెళ్ళడమే తప్పు. రెక్కలో ఒక దీపం పెట్టి అక్కడే రాసి అక్కడే కడితే ఇది జరగదు. మీరు ఇలా రాస్తే, మా ఆయన మతిమరుపువాడని తేలి ఊరుకుంటుంది. రేపు వచ్చేవాళ్ళు కూడా కిటికీ దగ్గరే రాస్తారు. వాళ్ళ జేబులు ఎవరు ఉతుకుతారో మనకేం తెలుసు?"

ఆమె పెన్ను తీసి, 'సదరు భర్త' అన్న చోటల్లా గీత పెట్టింది. మొత్తం నివేదికలో నాలుగు చోట్ల. పక్కన ఖాళీలో తన చేతిరాతతో జరిగింది జరిగినట్టు మూడు పంక్తులు రాసింది. దీపం సంగతి విడిగా రాసి కింద గీత గీసింది. సంతకం పెట్టింది. తాళంచెవి తీసి కాగితం మీద ఎగిరిపోకుండా పెట్టింది.

"ఎవరికిస్తారు?" అని అడిగింది.

"మీరు చెప్పండి," అన్నాడు పెద్దసభ్యుడు, ఆమె ముఖంలోకి చూడకుండా.

"పొడుగు ఫిట్టరుకివ్వండి. ఆ పంపు ఆగిన రోజునుంచి మూడేసిసార్లు చూసుకుంటున్నాడు."

ఆమెకు రబ్బరు వస్తువుల విభాగం ఇచ్చారు. అక్కడ చీటీలు ఉండవు. ప్రతి రబ్బరు చక్రం మీదా అది పనికిరాకుండా పోయే తేదీ ముందే అచ్చువేసి ఉంటుంది.

ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. అక్కడ కండక్టరు ఆమెకు వీపు తిప్పి నిలబడ్డాడు. అలిగాడని తెలియడానికి అతను ఎంచుకున్న భంగిమ అది.

"నా అబద్ధం మొత్తం పాడుచేశావు," అన్నాడు చివరికి, ఎదురుగా ఉన్న స్తంభంతో. "రెండు రాత్రులు కూర్చుని తయారుచేశా. అద్దం ముందు చూసుకున్నా."

"కన్నీళ్ళు కూడానటగా."

"దానికి వేరే కష్టపడ్డా. నీ కోసం ఆడిన ఒకే ఒక్క అబద్ధం, ఇన్నేళ్ళలో."

"ఒక్కటేనా?"

"ఆఫీసు కాగితం మీద ఒక్కటే."

ఆమె వెళ్ళి అతని పక్కన నిలబడింది. "మీరు మతిమరుపువారని నలుగురు చదివితే నేనెలా ఊరుకుంటానండీ? మోకాలు గుర్తుపెట్టుకున్నది ఎవరు? మీకు ఆ ఒక్కటి గుర్తులేకపోతే..." అయిదుగురు మనుషులు ఎక్కడో తమ ఇళ్ళలో ఆ సమయానికి కాఫీ తాగుతూ ఉంటారు.

అతను ముక్కు తుడుచుకున్నాడు. ఈసారి ఏ కష్టమూ పడలేదు.

"అప్పగించడానికి ఎన్నాళ్ళు ఇచ్చారు?"

"నాలుగు రోజులు. ఒక్కొక్క చీటీ చూపించి, ఎందుకు కట్టామో చెప్పాలి కదా అతనికి."

"నన్ను కూడా ఒకసారి లోపలికి తీసుకెళ్ళకూడదూ? ఇన్నేళ్ళు ఆవిడ కబుర్లు వినడమేగాని మనిషిని చూడలేదు. ఆ రోజు కూడా నాలుగో నంబరు దగ్గరే ఆపేశారు."

"బయటివాళ్ళను రానివ్వరు."

"నేను బయటివాణ్ణా? నివేదికలో ఉన్నా నేను!"

"కొట్టేశాగా."

అతను ఆమెవైపు తిరిగి, ఉక్రోషంగా ఏదో అనబోయి, ఆపుకోలేక నవ్వేశాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూండగానే కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. బస్సు వచ్చింది, నిండుగా ఉంది. వాళ్ళు ఎక్కలేదు.

"నడుద్దాం," అన్నది ఆమె. "మీరు చూడక్కర్లేదు, నేను చెబుతా. కళ్ళు మూసుకోకండి, రోడ్డు దాటాలి. ముక్కు దగ్గర, లోపలికి వంగితే, కుడివైపు మొదటి చీటీ మీసాలాయన కట్టింది. గాలి వేగం చూపే ముల్లు. నేను చేరకముందుది..."

దారి పొడవునా ఆమె చెబుతూనే ఉంది. అతను ఎక్కడా అడ్డుపడకుండా, ఒకటి రెండు చోట్ల "తర్వాత?" అని మాత్రమే అంటూ, ఆమె అడుగుకు అడుగు కలిపి నడిచాడు. ఇల్లు చేరేసరికి వాళ్ళింకా పైలట్ సీటు దాకా కూడా రాలేదు.